ఆటిజం నిర్ధారణ – తల్లిదండ్రుల అవగాహన: బొగ్గుగని ప్రాంతం నుంచి ఒక చారిత్రక పరిశీలన

ఆటిజం అనే పేరుకు ఒక చరిత్ర ఉంది. డాక్టరు నోట ఆ పేరు విన్న తల్లిదండ్రులు దాన్ని ఎలా అర్థం చేసుకున్నారన్నదానికి మరో చరిత్ర ఉంది. ఈ భాగంలో రెండోదాన్ని గోదావరిఖనిని దృష్టిలో పెట్టుకొని పరిశీలిద్దాం.

1943లో అమెరికాలో లియో కానర్ అనే వైద్యుడు 11 మంది పిల్లల గురించి రాసిన వ్యాసంతో ఆటిజం ఒక ప్రత్యేక స్థితిగా గుర్తింపు పొందింది. అది పుట్టుకతో వచ్చేదేనని ఆయన భావించాడు. అయితే ఆ పిల్లల తల్లిదండ్రులు బాగా చదువుకున్నవారనీ, వారిలో ఆప్యాయత తక్కువనీ కూడా రాశాడు. ఈ రెండో మాట చాలా నష్టం చేసింది. 1967లో బ్రూనో బెటల్‌హైమ్ పుస్తకం నిందను ఏకంగా తల్లుల మీదికి నెట్టింది. దానికి మూడేళ్ల ముందే, 1964లో, బెర్నార్డ్ రిమ్లాండ్ ఆ వాదాన్ని ఖండించాడు. ఆయన మనస్తత్వ శాస్త్రవేత్త; ఆటిజం ఉన్న అబ్బాయికి తండ్రి కూడా.

మన దేశంలోనూ మొదట కదిలింది తల్లిదండ్రులే. 1991లో ఢిల్లీలో ‘యాక్షన్ ఫర్ ఆటిజం’ను స్థాపించిన మెర్రీ బారువా ఒక తల్లి. చట్టం మాత్రం ఆలస్యంగా నడిచింది. 1995 వికలాంగుల చట్టంలోని ఏడు వైకల్యాల్లో ఆటిజం లేదు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టంలో చోటు దొరికింది. 2016 చట్టం 21 వైకల్యాల్లో ఒకటిగా చేర్చింది. అప్పటిదాకా ఇలాంటి బిడ్డ ‘బుద్ధిమాంద్యం’ గడిలో పడేవాడు, లేదా ఏ గడిలోనూ పడేవాడు కాదు.

ఇక గోదావరిఖని. 1960ల నుంచి గనుల కోసం పల్లెల నుంచి వచ్చిన కుటుంబాల ఊరు ఇది. తండ్రి మూడు షిఫ్టుల్లో తిరుగుతుంటే, క్వార్టర్‌లో బిడ్డను రోజంతా చూసేది తల్లి. తేడా ముందు ఆమెకే తెలుస్తుంది. ‘వాళ్ల నాయనకు కూడా మాటలు ఆలస్యంగానే వచ్చినయి’ అని పెద్దలు సర్దిచెప్పడం మనకు తెలిసిందే. దాన్ని అజ్ఞానమని తోసెయ్యకూడదు. పేరు లేని కాలంలో ఇంటికి అందుబాటులో ఉన్న వివరణ అదొక్కటే.

సింగరేణి కుటుంబాల్లో మరో లెక్క ఉంది. డిపెండెంట్ ఉద్యోగం ఇంటి భవిష్యత్తుగా నిలిచిన చోట అది. గనిలో చేరాలంటే వైద్య పరీక్షలో ఫిట్ కావాలి. 2017లో వారసత్వ ఉద్యోగాల పథకాన్ని హైకోర్టు కొట్టివేసింది. అన్‌ఫిట్ అయిన కార్మికుల వారసులకు కారుణ్య నియామకాలు ఆ తర్వాతా సాగాయి. ఇలాంటి చోట ‘ఆటిజం’ అన్న మాట తండ్రి చెవికి వ్యాధి పేరులా వినిపించదు. ‘మా తర్వాత వీణ్ణి ఎవరు చూస్తారు?’ అన్న ప్రశ్నలా వినిపిస్తుంది.

ఆ ప్రశ్నకు చట్టపరంగా కొంత జవాబు 1999 చట్టంలోనే ఉంది. జిల్లా కలెక్టరు సభ్యుడిగా ఉండే స్థానిక కమిటీ అలాంటి వ్యక్తికి సంరక్షకుణ్ణి నియమించవచ్చు. గోదావరిఖని తల్లిదండ్రులకు ఆ కలెక్టరు 2016 అక్టోబరు దాకా కరీంనగర్‌లో ఉండేవాడు, ఇప్పుడు పెద్దపల్లిలో.