గ్రాఫిక్స్ డ్రైవర్లు: స్థిరత్వం ఎవరి చేతిలో ఉంది?

ఆపరేటింగ్ సిస్టమ్‌కు, హార్డ్‌వేర్‌కు మధ్య డ్రైవర్ చేసే పని మీకు తెలుసు. సోర్స్ కోడ్ అందరికీ అందుబాటులో ఉండటానికీ, గ్రాఫిక్స్ కార్డు నిలకడగా పనిచేయడానికీ ఉన్న సంబంధాన్ని ఇప్పుడు లినక్స్ చరిత్ర ఆధారంగా పరిశీలిద్దాం.

యాజమాన్య డ్రైవర్ల సమస్య

ఎన్‌విడియా సంస్థ తన లినక్స్ డ్రైవర్‌ను చాలాకాలం సోర్స్ కోడ్ ఇవ్వకుండానే విడుదల చేసింది. వేగంలో అది మేటి. అయితే లినక్స్ కెర్నల్ అంతర్గత ఇంటర్‌ఫేసులు తరచుగా మారుతుంటాయి. కెర్నల్‌లో భాగమైన డ్రైవర్లను ఆ మార్పు చేసినవారే సరిచేస్తారు. బయటి డ్రైవర్‌ను మాత్రం దాని తయారీదారు సరిచేయాలి. అంతవరకు, కొత్త కెర్నల్ వేసుకున్న వినియోగదారుకు నల్లటి తెరే మిగలవచ్చు. పైగా ఇటువంటి మాడ్యూల్ చేరగానే కెర్నల్ 'టెయింటెడ్' అనే గుర్తు వేసుకుంటుంది. కనిపించని కోడ్‌లో తప్పు వెతకలేరు కాబట్టి, ఆ స్థితిలో వచ్చిన ఫిర్యాదులను కెర్నల్ నిపుణులు సాధారణంగా పట్టించుకోరు. 2012లో ఫిన్లాండ్‌లోని ఆల్టో విశ్వవిద్యాలయంలో లైనస్ టోర్వాల్డ్స్ ఎన్‌విడియాను బహిరంగంగా, ఘాటుగా విమర్శించారు.

ఓపెన్ సోర్స్ ఒక్కటే చాలదు

అలాగని ఓపెన్ సోర్స్ డ్రైవర్లన్నీ స్థిరమైనవని మీరు భావించకూడదు. ఎన్‌విడియా కార్డుల పనితీరును బయటినుంచి పరిశీలించి స్వచ్ఛంద కార్యకర్తలు 'నూవో' డ్రైవర్‌ను రాశారు. అది 2010లో 2.6.33 కెర్నల్‌లో చేరింది. 2014 తర్వాతి కార్డులకు సంస్థ సంతకం చేసిన ఫర్మ్‌వేర్ తప్పనిసరి కావడంతో, నూవో వాటిని పూర్తి వేగంతో నడపలేకపోయింది. కోడ్ బహిరంగమే, కాని హార్డ్‌వేర్ సమాచారం రహస్యం.

ఏఎమ్‌డి మార్గం వేరు. 2006లో ఏటీఐని కొన్న ఈ సంస్థ, 2007లో కార్డుల సాంకేతిక వివరాలను ప్రచురించడం ప్రారంభించింది. 2015లో దాని 'ఏఎమ్‌డీజీపీయూ' డ్రైవర్ 4.2 కెర్నల్‌లో భాగమైంది. 2022 మే నెలలో ఎన్‌విడియా కూడా ట్యూరింగ్, ఆ తర్వాతి తరాల కార్డులకు కెర్నల్ మాడ్యూళ్ల సోర్స్ కోడ్‌ను విడుదల చేసింది. అయితే యూజర్ స్పేస్ భాగం మూసే ఉంది.

సారాంశం

స్థిరత్వం లైసెన్సుతోనే రాదు. లోపాన్ని సరిచేసే హక్కు, అందుకు కావలసిన సమాచారం రెండూ ఉండాలి. తయారీదారు మద్దతు ఆపిన పాత కార్డు మీ కంప్యూటర్‌లో ఉన్నప్పుడు ఈ తేడా ప్రత్యక్షంగా తెలుస్తుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. కెర్నల్ మారినప్పుడు బయటి డ్రైవర్ ఎందుకు విఫలమవుతుంది?
2. నూవో, ఏఎమ్‌డీజీపీయూ డ్రైవర్ల చరిత్రలను పోల్చండి.