వ్యక్తిగత గురువు నుంచి జట్టు సారథి వరకు: 2022 చెన్నై చదరంగ ఒలింపియాడ్‌లో భారత యువ జట్టు - ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

చదరంగ చరిత్ర ఎక్కువగా ఆటగాళ్ల విజయాల చరిత్రగానే నమోదయింది. శిక్షకుని పాత్ర అందులో కొద్దిపాటి ప్రస్తావనకే పరిమితమైంది. 2022లో మామల్లపురంలో జరిగిన 44వ చదరంగ ఒలింపియాడ్‌లో కాంస్యం సాధించిన భారత రెండవ జట్టును ఆధారంగా చేసుకొని, అంతర్జాతీయ పోటీలో యువ జట్టును నడిపించడం అంటే ఏమిటో, ఆ బాధ్యతకు వెనుక ఉన్న శిక్షణ సంప్రదాయం ఎలా రూపొందిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: చదరంగం, ఒలింపియాడ్, శిక్షకుడు, జట్టు సారథి, యువ క్రీడాకారులు.

1. ఉపోద్ఘాతం:

చదరంగం ఇద్దరి ఆట. ఒలింపియాడ్‌లో మాత్రం అది నలుగురి ఉమ్మడి బాధ్యత అవుతుంది. ఒక్కో దేశం తరఫున అయిదుగురు నమోదవుతారు. ప్రతి రౌండులో నలుగురు ఆడతారు, ఒకరు విశ్రాంతి తీసుకొంటారు. ఎవరు ఆడాలో నిర్ణయించేది జట్టు సారథి. ఆట మొదలైన తరువాత ఆయన అధికారం దాదాపు ముగిసినట్లే. ఆటగాళ్లలో ఎక్కువమంది పదహారు, పద్దెనిమిదేళ్ల వారైనప్పుడు ఈ పరిమితి ఒక చారిత్రక ప్రశ్నగా మారుతుంది. పిల్లల గెలుపులో పెద్దల వాటా ఎంత? వారి ఓటమిలో పెద్దల బాధ్యత ఎంత?

2. శిక్షణ సంప్రదాయం - ఇంటి నుంచి సంస్థకు:

భారతదేశం తొలిసారి ఒలింపియాడ్‌లో పాల్గొన్నది 1956లో, మాస్కోలో. 1961లో మాన్యుయెల్ ఆరన్ దేశపు తొలి అంతర్జాతీయ మాస్టర్ అయ్యారు. ఆ తరానికి క్రమబద్ధమైన శిక్షణ అందుబాటులో లేదు. మద్రాసులోని సోవియట్ సాంస్కృతిక కేంద్రంలో నడిచిన తాల్ చెస్ క్లబ్ వంటి చోట్ల ఆటగాళ్లు ఒకరితో ఒకరు ఆడుతూ నేర్చుకొన్నారు. విశ్వనాథన్ ఆనంద్ ఆ వాతావరణం నుంచే వచ్చి 1988లో దేశపు తొలి గ్రాండ్‌మాస్టర్ అయ్యారు.

తెలుగునాట శిక్షణ మరొక రూపం తీసుకొంది. గుడివాడలో జన్మించిన కోనేరు హంపికి తండ్రి కోనేరు అశోక్ గురువు. ఆమె 2001లో ప్రపంచ జూనియర్ బాలికల విజేతగా నిలిచి, 2002లో పదిహేనేళ్ల వయసులో గ్రాండ్‌మాస్టర్ అయ్యారు. అశోక్‌కు 2006లో ద్రోణాచార్య పురస్కారం లభించింది. ద్రోణవల్లి హారికను ఎన్.వి.ఎస్. రామరాజు తీర్చిదిద్దారు. ఈ రెండు ఉదాహరణలలోనూ గురువు దృష్టి ఒక్క శిష్యురాలి ఎదుగుదలపై కేంద్రీకృతమైంది. ఇది లోతైన పద్ధతి. అయితే దీనితో ఒక జట్టును తయారు చేయడం సాధ్యం కాదు.

ఆ తరువాతి దశకు ప్రతినిధి ఆర్.బి. రమేశ్. 2003లో గ్రాండ్‌మాస్టర్ అయిన ఆయన, ఆటగాడిగా కొనసాగగల వయసులోనే శిక్షణను వృత్తిగా ఎంచుకొన్నారు. 2008లో భార్య ఆర్తి రామస్వామితో కలిసి చెన్నైలో చెస్ గురుకుల్ స్థాపించారు. అక్కడ ఒకే గదిలో అనేకమంది పిల్లలు ఒకే సమస్యపై ఆలోచిస్తారు. పోటీ, సహవాసం అక్కడ ఏకకాలంలో అలవడతాయి. 2014లో ట్రోమ్సో ఒలింపియాడ్‌లో భారత జట్టు తొలి కాంస్యం గెలిచినప్పుడు శిక్షకుడు ఆయనే. ఆ జట్టులో తెలుగువాడైన ఎం.ఆర్. లలిత్‌బాబు, తమిళనాడుకు చెందిన బి. అధిబన్ ఉన్నారు.

3. జట్టు నిర్మాణం, సారథి పరిధి:

2022 ఒలింపియాడ్ మొదట రష్యాలో జరగవలసింది. ఉక్రెయిన్‌పై దాడి తరువాత వేదిక చెన్నైకి మారింది. ఆతిథ్య దేశం కావడం వల్లనే భారతదేశానికి ఒకటికంటె ఎక్కువ జట్లను దించే అవకాశం కలిగింది. వరంగల్‌కు చెందిన అర్జున్ ఇరిగేశి, గుంటూరుకు చెందిన పెంటేల హరికృష్ణ మొదటి జట్టులో ఆడారు. రెండవ జట్టుకు రమేశ్ సారథి. చెన్నైలో స్థిరపడిన తెలుగు కుటుంబానికి చెందిన డి. గుకేశ్, ఆర్. ప్రజ్ఞానంద, రౌనక్ సాధ్వాని - ముగ్గురికీ అప్పటికి పదహారేళ్లు. నిహాల్ సరీన్‌కు పద్దెనిమిది. అయిదవవాడైన అధిబన్‌కు ఇరవై తొమ్మిది. అంటే ట్రోమ్సో అనుభవం ఉన్న ఒక్క పెద్దవాడు నలుగురు పిల్లల మధ్య ఉన్నాడు.

ఫిడే నియమాల ప్రకారం సారథి తన ఆటగాడికి డ్రా ప్రతిపాదించమనో, అంగీకరించమనో, ఓటమి ఒప్పుకొమ్మనో క్లుప్తంగా సూచించవచ్చు. ఆ సూచనకు మొత్తం పోరు పరిస్థితి మాత్రమే ఆధారం కావాలి. బల్ల మీద ఉన్న స్థితిని గురించి ఒక్క మాటైనా చెప్పరాదు. ఆటగాళ్ల వరుసక్రమం పోటీకి ముందే ఖరారవుతుంది, మధ్యలో మారదు. కాబట్టి సారథి అసలు పని ఆటకు ముందే జరగాలి. ప్రత్యర్థి జట్టులో ఎవరు విశ్రాంతి తీసుకొంటారో ఊహించడం, దానికి తగిన ఆరంభాలు సిద్ధం చేయించడం, తన పిల్లల అలసటను పసిగట్టడం ఆ పనిలోని భాగాలు.

4. పోటీ క్రమం:

పదకొండవ స్థానపు అంచనాతో బరిలోకి దిగిన ఈ జట్టు తొలి అయిదు రౌండ్లూ గెలిచింది. ఆరవ రౌండులో ఆర్మేనియా చేతిలో ఓడింది. ఆ రోజు కూడా గుకేశ్ తన ఆట గెలిచాడు. ఎనిమిదవ రౌండులో అగ్రస్థానపు అంచనాతో వచ్చిన అమెరికాను 3-1తో ఓడించింది. ఆ పోరులో ఫాబియానో కరువానాపై సాధించినది గుకేశ్‌కు వరుసగా ఎనిమిదవ విజయం.

ఆగస్టు 8న పదవ రౌండులో ఉజ్బెకిస్తాన్ ఎదురైంది. అది కూడా యువ జట్టే. దాని శిక్షకుడు ఇవాన్ సోకొలోవ్. గుకేశ్ మంచి స్థితి నుంచి, ఆట చివరి దశలో జరిగిన పొరపాటుతో నొదిర్‌బెక్ అబ్దుసత్తొరోవ్ చేతిలో ఓడాడు. గెలుపు అందుబాటులో కనిపించిన పోరు 2-2తో ముగిసింది.

చివరి రౌండు మరునాటి ఉదయం పది గంటలకే. సారథి ముందున్న ప్రశ్న సులువైనది కాదు. పది ఆటలు వరుసగా ఆడి, కుంగిపోయిన బాలుణ్ణి మళ్లీ మొదటి బల్ల దగ్గర కూర్చోబెట్టవచ్చునా? ఇక్కడ నియమాల తర్కాన్ని గమనించాలి. మొదటి ఆటగాణ్ణి తప్పిస్తే మిగిలినవారంతా ఒక్కో మెట్టు పైకి జరగాలి. నిహాల్ మొదటి బల్లకు, ప్రజ్ఞానంద రెండవ బల్లకు వస్తారు. వారి ప్రత్యర్థులూ, పావుల రంగులూ మారతాయి. ఒకరికి విశ్రాంతి ఇవ్వడమంటే ఆ బరువును మరి ముగ్గురు యువకులపై మోపడమే. గుకేశ్ ఆడాడు. విన్సెంట్ కైమర్‌తో డ్రా చేశాడు. జట్టు జర్మనీని 3-1తో ఓడించి, ఉజ్బెకిస్తాన్, ఆర్మేనియాల తరువాత మూడవ స్థానంలో నిలిచింది. గుకేశ్, నిహాల్ తమ తమ బోర్డులలో వ్యక్తిగత స్వర్ణాలు, ప్రజ్ఞానంద కాంస్యం పొందారు.

5. పరిశీలన:

ఫలితం బట్టి ఆ నిర్ణయం సరైనదని తేల్చడం చరిత్ర రచనకు తగదు. మొత్తం 44 ఆటలలో గుకేశ్ 11, నిహాల్ 10 ఆడగా, మిగిలిన ముగ్గురూ కలిసి 23 ఆడారు. జట్టు భారం ఇద్దరు యువకులపై ఎంతగా పడిందో ఈ లెక్క చెబుతుంది. పదవ రౌండు నాటి పొరపాటును బాలుని అనుభవలేమిగా మాత్రమే చదవడం కంటె, ఈ భారంతో కలిపి చదవడం న్యాయం. అదే సమయంలో, ఘోరమైన ఓటమి తరువాత నమ్మకం కోల్పోకుండా నిలబెట్టడం కూడా శిక్షణలో భాగమే. రక్షణ, విశ్వాసం అనే ఈ రెండు ధర్మాల మధ్య సంఘర్షణే యువ జట్టు శిక్షకుని అసలు సమస్య. ఒక్క శిష్యుణ్ణి తీర్చే గురువుకు ఈ సంఘర్షణ ఇంత తీవ్రంగా ఎదురు కాదు. ఒకరి మేలు మరొకరి భారం కావడం జట్టులోనే సంభవిస్తుంది.

ఆట నమోదు పత్రంలో ప్రతి ఎత్తూ నిలిచి ఉంటుంది. సారథి నిర్ణయానికి అందులో గడి లేదు. ఆడినవారి జాబితా, విశ్రాంతి పొందినవారి పేరు, రంగుల క్రమం - వీటిని ఆధారాలుగా చదివినప్పుడే శిక్షకుని చరిత్ర బయటపడుతుంది.

6. ముగింపు:

2024లో బుడాపెస్ట్‌లో శ్రీనాథ్ నారాయణన్ సారథ్యంలో భారత జట్టు స్వర్ణం గెలిచింది. ఆ జట్టులో గుకేశ్, ప్రజ్ఞానందలతో పాటు 2022 మొదటి జట్టులోని అర్జున్, హరికృష్ణ, విదిత్ గుజరాతీ ఉన్నారు. రమేశ్‌కు 2023 సంవత్సరపు ద్రోణాచార్య పురస్కారం లభించింది. 2006 పురస్కారం ఒక కుమార్తెను తీర్చిన తండ్రికి దక్కగా, 2023 పురస్కారం ఒక తరాన్ని తీర్చిన బోధకునికి దక్కింది. ఈ రెండింటి మధ్య దూరమే భారతీయ చదరంగ శిక్షణలో వచ్చిన మార్పు. తెలుగు ప్రాంతాలలో మొదటి పద్ధతి గొప్ప ఫలితాలను ఇచ్చింది. గుడివాడ, గుంటూరు, వరంగల్ కేంద్రాలుగా శిక్షకుల చరిత్రను సేకరించే పని పరిశోధకుల ముందు ఉంది.