మూఢం
‘మూఢాలొచ్చాయి, ఇప్పట్లో ముహూర్తాల్లేవు’ అనగానే ఏదో కీడు పొంచి ఉందన్న బెదురు చాలా ఇళ్లలో కనిపిస్తుంది. మూఢం కీడు పేరు కాదు. సంస్కృతంలో ‘ముహ్’ ధాతువుకు దారి తోచకపోవడం, తెలివి తప్పడం అని అర్థం. మోహం, ముగ్ధ, మూఢుడు అందులోంచి పుట్టినవే. వృథా పోనిది అనే అర్థమున్న అమోఘం కూడా. మూఢుడి లక్షణం మౌఢ్యం. అదే పంచాంగంలో మౌఢ్యమి, జనం నోట మూఢమి, మూఢం అయింది. గురుడో శుక్రుడో సూర్యుడికి దగ్గరగా కనిపించే దిక్కుకు చేరి, ఆ వెలుగులో మన కంటికి ఆనకపోవడమే మూఢం. సూర్యసిద్ధాంతం దీన్ని అస్తమయం అంటూ గురుడికి 11 డిగ్రీలు హద్దుగా పెట్టింది. అంటే ఇది చూపు లెక్క; గ్రహం తన దారిన తాను తిరుగుతూనే ఉంటుంది. అయినా మా వీధిలో ఓ కుటుంబం రంగులు కూడా వేయించిన సొంతింటికి తాళం వేసి, మూఢం వెళ్లేదాకా అద్దెకొంపలోనే ఉండిపోయింది. ఒకవైపు బ్యాంకు వాయిదా, మరోవైపు అద్దె. పిల్లల ఫీజులకు అక్కరకొచ్చే డబ్బది. మూఢనమ్మకంలోని మూఢం కూడా ఈ మాటే, కాకపోతే అక్కడ తెలివి మరుగున పడేది మనిషికి. మన పెద్దలు ఆకాశాన్ని కళ్లారా చూసి లెక్కలు కట్టారు. ఆ చూపును అందిపుచ్చుకుందాం. గురుమూఢం వెళ్లాక తెల్లవారుజామున తూర్పున గురుడిని పిల్లలకు చూపిద్దాం. గృహప్రవేశానికి మాత్రం మన వీలు, మన చేతిలో డబ్బు చూసుకుందాం.