క్యాప్సూల్ ఎండోస్కోపీ

క్యాప్సూల్ ఎండోస్కోపీ అనగా రోగి మింగిన చిన్న కెమెరా మాత్ర ద్వారా జీర్ణనాళము లోపలి భాగాలను చూసే వైద్య పరీక్ష. దీనిని ముఖ్యంగా చిన్నప్రేగును పరీక్షించుటకు వాడుతారు. మనిషి చిన్నప్రేగు పొడవు సుమారు 6 మీటర్లు. నోటి నుండి పంపే సాధారణ ఎండోస్కోపు గొట్టము దాని మొదటి భాగము వరకు, మలద్వారము నుండి పంపే గొట్టము చివరి కొద్ది భాగము వరకు మాత్రమే చేరగలవు. నడుమనున్న భాగమును శస్త్రచికిత్స లేకుండా చూచుటకు ఈ మాత్ర మార్గము చూపినది.

చరిత్ర

గవ్రియేల్ ఇద్దాన్ ఇజ్రాయెల్ దేశపు ఇంజనీరు. ఇతడు క్షిపణులకు దారి చూపే దృశ్య పరికరాలపై పనిచేసినవాడు. 1981లో అమెరికాలోని బోస్టన్‌లో ఉండగా, జీర్ణకోశ వైద్యుడైన ఐతాన్ స్కాపాతో జరిగిన సంభాషణల వలన ఇతనికి ఈ సమస్యపై ఆసక్తి కలిగినది. ఈ పరికరాన్ని తయారుచేయుటకు 1998లో గివెన్ ఇమేజింగ్ సంస్థ ఏర్పడినది. ఇదే ప్రయత్నమును విడిగా చేస్తున్న బ్రిటన్ వైద్యుడు పాల్ స్వేన్ వీరితో కలిసి, 1999లో తానే మాత్రను మింగి పరీక్షించుకున్నాడు. 2000లో నేచర్ పత్రికలో ఈ విధానము ప్రచురితమైనది. 2001లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి లభించినది.

నిర్మాణము

తొలి మాత్ర పొడవు 26 మి.మీ., వ్యాసము 11 మి.మీ., బరువు 4 గ్రాముల లోపు. అందులో కెమెరా, ఎల్.ఇ.డి. దీపాలు, బ్యాటరీలు, రేడియో ప్రసారిణి అమర్చబడినవి. సెకనుకు 2 చిత్రాల చొప్పున సుమారు 8 గంటలలో 50 వేలకు పైగా చిత్రాలను అది పంపగలదు. రోగి నడుముకు కట్టిన రికార్డరు వాటిని భద్రపరచును. ఈ మాత్రకు స్వయంగా కదిలే శక్తి లేదు. ఆహారము వలెనే ప్రేగుల కదలికతో ముందుకు సాగి, మలముతో పాటు బయటకు వచ్చును. దానిని తిరిగి వాడరు.

పరీక్షా విధానము

పరీక్షకు ముందు రోగి సాధారణంగా 10 నుండి 12 గంటలు ఉపవాసముండవలెను. మాత్రను నీటితో మింగిన 2 గంటల తరువాత ద్రవాలు, 4 గంటల తరువాత తేలికపాటి ఆహారము తీసికొనవచ్చును. మత్తుమందు అవసరము లేదు. తరువాత వైద్యుడు కంప్యూటరులో చిత్రాలను పరిశీలించును.

ఉపయోగాలు

* సాధారణ ఎండోస్కోపీలలో కారణము తెలియని రక్తస్రావము
* అటువంటి రక్తస్రావము వలన కలిగే రక్తహీనత
* క్రోన్స్ వ్యాధి
* చిన్నప్రేగులోని కణుతులు

పరిమితులు

ఈ మాత్ర చూపగలదే కాని చికిత్స చేయలేదు. పరీక్షకై కండముక్కను తీయుట, రక్తస్రావమును ఆపుట దీనితో సాధ్యము కాదు. ప్రేగు ఇరుకైన చోట ఇది చిక్కుకొను ప్రమాదము కలదు. అప్పుడు గొట్టముతోగాని, శస్త్రచికిత్సతోగాని తీయవలసి రావచ్చును. అందుచేత అనుమానమున్న రోగులకు ముందుగా కరిగిపోయే నమూనా మాత్రను ఇచ్చి చూస్తారు. మాత్ర బయటకు వచ్చునంతవరకు ఎం.ఆర్.ఐ. పరీక్ష చేయరాదు.

రోబో మాత్రలు

శరీరము వెలుపలి అయస్కాంతముతో నడిపించే మాత్రలు తరువాత వచ్చినవి. విశాలమైన జీర్ణాశయములో మాత్రను కోరిన వైపు త్రిప్పుటకు ఇవి తోడ్పడతాయి. ఇటువంటి ఒక పరికరమునకు 2020లో అమెరికాలో అనుమతి లభించినది. తామే కదులుతూ మందును విడుదల చేయుట, కండముక్కను తీయుట వంటి పనులు చేయగల మాత్రలపై పరిశోధనలు జరుగుచున్నవి.