మార్లవాయి బీడుభూములు

సేద్యము లేని నేలను మనము బీడు అందుము. సిస్తు లెక్కలు వ్రాయువాని దృష్టిలో దానికి దున్నువాడు లేడు, కాబట్టి యజమానియు లేడు. ఆదిలాబాదు కొండసీమలోని గోండు రైతునకు బీడనగా అలసి పరుండిన చేను. కొన్ని యేండ్లు పంట నిచ్చిన చెల్క నేలను అతడు విడిచి, ప్రక్క నేలకు నాగలి త్రిప్పును. చెట్టుచేమ మొలచి, ఆకు రాలి, నేల మరల సత్తువ పుంజుకొన్న పిదప తిరిగి వచ్చును. ఒక్క మాటకు గల ఈ రెండర్థముల నడుమ ఎంత కథ నడచినదో నేడు ముచ్చటింతము.

ఇరువదవ శతాబ్ది తొలి దశకములలో నిజాము ప్రభుత్వము వారు ఈ అడవులకు హద్దు లేర్పరచిరి. గీత గీచినవారికి ఆనాడు దున్నుచున్న చేలు మాత్రమే కనబడినవి. విశ్రమించుచున్న చేలు అడవిలో కలిసిపోయినవి. గోండులలో పెక్కుమందికి పట్టాలు లేవు. వారు శివాయి జమాబందీ పద్ధతిని ఏటేట సిస్తు కట్టి దున్నుకొనువారు. కాగితము లేనివాని మాట కచేరీలో చెల్లదు గదా! మిగిలిన మంచి నేలను మైదానములనుండి వచ్చినవారు పట్టాలుగా వ్రాయించుకొనిరి. అడవిలో పశువును మేపినను, కట్టె కొట్టినను చిన్న యుద్యోగులకు మామూలు ముట్టవలసినదే. ఈ బాధలు పెరిగి పెరిగి 1940లో జోడేఘాట్ వద్ద తిరుగుబాటై పరిణమించెను. కుమ్రం భీము తన సహచరులతో కూడ తుపాకి గుండ్లకు బలియయ్యెను.

ఆ కాలముననే క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞుడు హైదరాబాదు రాజ్యములో నుండెను. 1909లో వియన్నాలో పుట్టినవాడు. 1939లో యుద్ధము మొదలగునప్పటికి చేతిలో జర్మను పాసుపోర్టు ఉండుటచే అతడు బ్రిటిషువారికి శత్రుదేశీయుడయ్యెను. అధికారుల దయవలన చెరసాల తప్పి, నిజాము రాజ్యపు టెల్లలు దాటరాదను కట్టుబాటుతో విడువబడెను. ఆ నిర్బంధమే చెంచులకు, కొండరెడ్లకు, గోండులకు చరిత్రలో కొన్ని పుటలు సంపాదించి పెట్టినది. జోడేఘాట్ ఘటన పిదప గోండుల స్థితిగతులు విచారించుమని ప్రభుత్వము అతనిని కోరెను. కాల్పులు ముందు, విచారణ తరువాత! ఈ వరుస మన దేశమున క్రొత్తది కాదు.

అతడును, భార్య బెట్టీయు మార్లవాయి గ్రామమున గడ్డికప్పు ఇంటిలో కాపురముండిరి. గోండీ నేర్చిరి. పరిశీలన పేరిట ఒక పూట వచ్చి పోవువానికిని, ఊరిలో ఋతువులు గడపువానికిని గల భేదము ఇచ్చటనే తెలియును. ఒక పూట చూచినవానికి బీడు బీడే. విత్తుట, కోత, పెరసా పేన్ పూజలు, ప్రధానుల కింగ్రీ పాట, ఇవన్నియు చూచినవానికి ఆ చేలు ఒక చక్రమందలి ఆకులుగా కనబడును. వర్షాకాలమున తేలిక నేలల్లో చిఱుధాన్యములు, పిదప రేగడిలో యాసంగి పైరు. అలసిన నేలకు సెలవు. గోండులు అడవిని తగులబెట్టి తిరుగు దేశదిమ్మరులని కచేరీలలో నొక మాట వాడుకలో నుండెను. వారు నాగలి పట్టిన రైతులని, వారి కదలికకు లెక్క యున్నదని హైమండార్ఫ్ నివేదికలు వాదించెను. అవి 1945లో అచ్చయినవి.

ఫలితము కాగితములపై నిలిచిపోలేదు. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలయ్యెను. పిల్లలకు గోండీ వాచకములు వచ్చినవి. కేస్లాపూర్ నాగోబా జాతరలో అధికారులు కూర్చుండి మొఱలు విను దర్బారు ఆ దశకముననే ఏర్పడెను. ఆ దశకము ముగియునప్పటికి సుమారు 1,60,000 ఎకరములకు ఆదివాసులకు పట్టాలు లభించెను.

ఇచ్చట మాకొక సందేహము కలదు. పట్టా ఒక మేకు వంటిది. అది నేలను పరులు లాగికొనకుండ కాచును. రైతును కదలకుండను చేయును. తరతరములుగా చేలు మార్చిన పద్ధతి, హద్దురాళ్ళ నడుమ కొన్ని ఎకరములకు కుదించుకొనిపోయెను. నేలకు సెలవిచ్చు వెసులుబాటు తగ్గెను. హైమండార్ఫ్ చేసినది తప్పని మే మనుట లేదు. ఆనాడు పట్టా లేకున్న ఆ కొన్ని ఎకరములును మిగులకపోయెడివి. అయినను, చక్రమును గుర్తించినవాడే దానిని ఆపు మేకును దిగగొట్టవలసి వచ్చెను.

1970వ దశకమున అతడు తిరిగి వచ్చి చూచునప్పటికి ఆ పట్టాభూములే పలుచోట్ల చేతులు మారియుండెను. షెడ్యూల్డు ప్రాంతములలో భూమి గిరిజనేతరులకు బదిలీ కాకుండ 1970లో చట్టమును బిగించినను వలస ఆగలేదు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో మరల తుపాకులు మ్రోగినవి. తాను చూచిన క్షీణతను అతడు 1982లో గ్రంథముగా ప్రకటించెను. బెట్టీ 1987లో, అతడు 1995లో గతించిరి. ఇరువురి సమాధులు మార్లవాయిలోనే ప్రక్కప్రక్కన ఉన్నవి.

బెట్టీ గతించిన 1987లోనే ఐక్యరాజ్యసమితి నియమించిన సంఘ మొకటి, రాబోవు తరముల అవసరములకు లోటు రానీయని పురోగతికి సుస్థిరాభివృద్ధి యని నిర్వచనము చెప్పెను. ఆ పేరు పుట్టకమునుపే ఆ పని చేసినవారి చేలు లెక్కలలో బీడులుగా మిగిలినవి. 2006 నాటి అటవీహక్కుల చట్టము, 2005 డిసెంబరు 13 నాటికి ఆదివాసి స్వాధీనములో నున్న నేలపై హక్కు నిచ్చుచున్నది. ఆనాడు దున్నుచున్న చేనికి చిక్కు లేదు. విశ్రమించుచున్న చేనికో? పాత ప్రశ్నయే మరల ఎదురగును. అయితే ఈ మారు గ్రామవృద్ధుల మాటను వ్రాసికొని సాక్ష్యముగా చేర్చవచ్చునని నియమావళి చెప్పుచున్నది. ఏ చేనిని ఎవరి తాత విడిచెనో కచేరీకి ముందుగా తెలిసినది ఆ వృద్ధులకే.