దక్కన్ ఎయిర్‌వేస్: ఒక సంస్థానపు విమాన సంస్థ పుట్టుక, ఎదుగుదల, విలీనం

పరిచయం

ఈ పాఠం మొదలుపెట్టే ముందు మీ దగ్గరున్న అట్లాసు తీయండి. భారతదేశ పటంలో హైదరాబాదు నుంచి బెంగళూరుకు స్కేలు పెట్టి ఒక గీత, హైదరాబాదు నుంచి చెన్నైకి మరొక గీత గీయండి. మొదటి గీత కర్నూలును దాదాపు తాకుతూ పోతుంది. రెండవది నల్లమల కొండలకు తూర్పున, మార్కాపురం ప్రాంతం మీదుగా దిగుతుంది. ఈ రెండు గీతల నడుమ నంద్యాల, ఆళ్లగడ్డ ఉన్నాయి. 1940ల రెండవ సగం నుంచి ఈ దారుల్లో విమానాలు తిరుగుతూనే ఉన్నాయి. అయితే కింద ఉన్నవారికి అవి చప్పుడుగా మాత్రమే పరిచయం.

కొన్నేళ్ల కిందట నంద్యాలలో కాంటాక్ట్ తరగతులు తీసుకుంటున్నప్పుడు, ఆళ్లగడ్డ వైపు నుంచి వచ్చిన ఒక విద్యార్థిని నన్ను అడిగింది: "విమానం ఎక్కనోళ్లకు విమానాల చరిత్ర ఎందుకు సార్?" ఆ రోజు నేను చెప్పిన జవాబు నాకే తృప్తినివ్వలేదు. ఈ పాఠంలో మళ్లీ ప్రయత్నిస్తున్నాను. విమాన సంస్థ చరిత్ర అంటే యంత్రాల చరిత్ర అనుకుంటే ఆ అమ్మాయి ప్రశ్న న్యాయమైనదే. కాని ఎవరి డబ్బుతో విమానం ఎగిరింది, ఏ ఊళ్లో దిగాలని ఎవరు నిర్ణయించారు, నష్టాన్ని ఎవరు భరించారు అని అడిగినప్పుడు విమానం ఎక్కనివారు కూడా ఆ చరిత్రలోకి వస్తారు.

టపా సంచులు, బళ్ళారి మజిలీ

మన దేశంలో క్రమబద్ధమైన వాణిజ్య విమానయానం ప్రయాణికులతో కాదు, ఉత్తరాలతో మొదలైంది. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా ఒక చిన్న పుస్ మాత్ విమానంలో కరాచీ నుంచి అహ్మదాబాదు మీదుగా బొంబాయికి టపా తెచ్చారు. అక్కడి నుంచి ఆయన సహచరుడు నెవిల్ విన్సెంట్ ఆ సంచులను బళ్ళారి మీదుగా మద్రాసుకు చేర్చాడు. బళ్ళారి అప్పటికి మద్రాసు రాష్ట్రంలోని జిల్లా, కర్నూలు, కడప, అనంతపురాలతో పాటు దత్తమండలాలలో ఒకటి. ఆ దత్తమండలాలకు "రాయలసీమ" అనే పేరు నిలిచినది 1928 నవంబరులో నంద్యాలలో జరిగిన సభలోనే అని మీరు గుర్తుంచుకోండి. పేరు వచ్చిన నాలుగేళ్లకే సీమకు విమానం వచ్చింది. వచ్చి, ఒక రాత్రి ఆగి, వెళ్లిపోయింది. కొన్నేళ్లకు బళ్ళారి మజిలీని కూడా ఎత్తివేసి టపా దారిని హైదరాబాదు మీదుగా మళ్లించారు.

టాటాల మొదటి ఏడాది లెక్క చూడండి. విమానాలు ఎగిరిన దూరం 1,60,000 మైళ్లు, మోసిన టపా 9.72 టన్నులు, ప్రయాణికులు 155 మంది. ఏడాదికి 155 మంది అంటే ఇప్పుడు ఒక పెద్ద విమానం ఒక్కసారికి మోసేటంత. అయినా రూ. 60,000 లాభం వచ్చింది. ప్రభుత్వం సబ్సిడీ ఇవ్వలేదు గాని, మోసిన టపాకు తూకం ప్రకారం రుసుము చెల్లించింది. కాబట్టి తొలి దశలో విమానాన్ని పోషించింది తపాలా శాఖే.

రైలు, బస్సు, విమానం

ఇక హైదరాబాదు సంగతి. నిజాం ప్రభుత్వం 1930లో ఒక ప్రైవేటు కంపెనీ చేతిలోని రైల్వేను స్వాధీనం చేసుకుంది. 1932లో అదే రైల్వే కింద రోడ్డు రవాణా శాఖను 27 బస్సులతో ప్రారంభించింది. మనం ఎక్కే ఆర్టీసీ బస్సుకు అదే మూలం. బ్రిటిషు ఇండియాలో బస్సులు ప్రైవేటు యజమానుల చేతుల్లో ఉన్న రోజుల్లో ఒక సంస్థానం రైలును, బస్సును ఒకే గొడుగు కిందికి తేవడం విశేషం. నిజాం పాలన మీద మనకు ఎన్ని విమర్శలున్నా, ఈ రవాణా దృష్టిని గుర్తించకపోతే చరిత్రకారుడిగా అన్యాయం చేసినవాడినవుతాను. ఇదే దశకంలో బేగంపేటలో ఏరో క్లబ్బు, విమానాశ్రయం ఏర్పడ్డాయి. మూడో అడుగు విమాన సంస్థ.

1945లో దక్కన్ ఎయిర్‌వేస్ ఏర్పడింది. భాగస్వాములు ఇద్దరు: నిజాం ప్రభుత్వం, టాటా ఎయిర్‌లైన్స్. మూడింట రెండు వంతులకు పైగా వాటా నిజాం ప్రభుత్వానిది. పెట్టుబడి, విమానాశ్రయం సంస్థానానివి; విమానాలను నడిపిన అనుభవం టాటాలది. ఇద్దరికీ అవసరమైనది మూడోది: చవకగా విమానాలు. అవి యుద్ధం వల్ల దొరికాయి.

ఈ విషయం దగ్గర కొంచెం ఆగుదాం. రెండవ ప్రపంచ యుద్ధంలో బర్మా, చైనా రంగాలకు సైనికులను, సరుకులను మోయడానికి అమెరికా వందలాది డగ్లస్ డకోటా విమానాలను ఈ ప్రాంతానికి తెచ్చింది. యుద్ధం ముగిశాక వాటిని తిరిగి తీసుకుపోవడం కంటే ఇక్కడే అమ్ముకోవడం మేలనిపించింది. సైనిక డకోటాలో గోడల వెంబడి బెంచీలు ఉండేవి. బెంగళూరులోని హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కర్మాగారం వంటి చోట్ల వాటిని తీసి, కుర్చీలు వేసి, రంగు పూసి ప్రయాణికుల విమానంగా మార్చేవారు. సుమారు 21 మంది కూర్చోవచ్చు. లోపల గాలి పీడనాన్ని నిలిపే ఏర్పాటు లేదు కాబట్టి చాలా ఎత్తుకు పోలేదు. మేఘాల కుదుపు అంతా ప్రయాణికులదే. అయితే గట్టి యంత్రం. సిమెంటు రన్‌వే లేకున్నా చదునైన నేల మీద దిగగలదు. 1946 నాటికి దేశంలో వరసగా విమాన కంపెనీలు పుట్టుకురావడానికి ఈ చవక డకోటాలే కారణం.

దక్కన్ ఎయిర్‌వేస్ 1946 జూలైలో సర్వీసులు ప్రారంభించింది. బేగంపేట దాని స్థావరం. మద్రాసు, హైదరాబాదు, నాగపూరు, ఢిల్లీలను కలిపే దారి దానికి ప్రధానమైనది. కాలక్రమంలో డజనుకు పైగా డకోటాలు సమకూరాయి. నంద్యాల అప్పటికి మద్రాసు రాష్ట్రంలో ఉంది. తుంగభద్ర దాటితే నిజాం రాజ్యం. అంటే కర్నూలు మీదుగా ఎగిరిన విమానం ఆ ఊరివాళ్లకు పొరుగు రాజ్యపు విమానం. దాని రాబడి, ఖర్చుల లెక్కల్లో కర్నూలు జిల్లాకు చోటు లేదు.

ఈ సంస్థ పేరు దేశ చరిత్రలో నిలిచింది మరో కారణంతో. ప్రేమ్ మాథుర్ 1947లో వాణిజ్య పైలట్ లైసెన్సు పొందారు. స్త్రీ అనే కారణంతో ఎనిమిది కంపెనీలు ఆమెకు ఉద్యోగం నిరాకరించాయని చెబుతారు. ఆమెను తీసుకున్నది దక్కన్ ఎయిర్‌వేస్. వాణిజ్య విమానం నడిపిన తొలి భారతీయ మహిళ ఆమె. 1949లో జాతీయ విమాన పందెం గెలిచారు. ఒక రాచరిక ప్రభుత్వపు కంపెనీ ఈ తలుపు తెరవడం కొంత వింతగానే ఉంటుంది. చరిత్రలో ఇటువంటివి తరచు కనిపిస్తాయి.

1948

1947 నవంబరు 29న నిజాం, భారత ప్రభుత్వం యథాతథ ఒప్పందం చేసుకున్నారు. ఆ ఏడాది గడువులో సంబంధాలు చెడిపోయాయి. 1948లో భారత ప్రభుత్వం విధించిన దిగ్బంధం విమాన రాకపోకలను కూడా తాకింది. ఇంకొక వైపు సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా వైమానికుడు లంకాస్ట్రియన్ విమానాల్లో కరాచీ నుంచి బీదరు, వరంగల్లు విమానాశ్రయాలకు దొంగతనంగా ఆయుధాలు చేర్చాడు. తరువాత బ్రిటన్‌లో అతనికి పడిన జరిమానా 200 పౌండ్లు మాత్రమే. సెప్టెంబరు 13 నుంచి 17 వరకు సాగిన పోలీసు చర్యతో సంస్థానం భారత యూనియన్‌లో కలిసింది.

దక్కన్ ఎయిర్‌వేస్ మాత్రం మూతపడలేదు. అధికారం మారింది, ఆస్తి కొనసాగింది. ప్రధాన యజమాని అయిన హైదరాబాదు ప్రభుత్వం ఇప్పుడు భారతదేశంలోని ఒక రాష్ట్ర ప్రభుత్వం.

నష్టాలు, జాతీయం చేయడం

అప్పటికే కంపెనీలన్నీ ఇబ్బందుల్లో ఉన్నాయి. విమానం చవకగా దొరికింది గాని పెట్రోలు చవక కాదు. టికెట్టు కొనగలవారు తక్కువ, కంపెనీలు ఎక్కువ. ప్రభుత్వం 1949 నుంచి పెట్రోలు మీద రాయితీ ఇవ్వసాగింది. అదే ఏడాది జనవరిలో రాత్రి విమాన టపా మొదలైంది: బొంబాయి, కలకత్తా, ఢిల్లీ, మద్రాసుల నుంచి బయలుదేరిన విమానాలు నడిరాత్రి నాగపూరులో కలుసుకుని, సంచులు మార్చుకుని, తెల్లవారేసరికి తిరిగి చేరేవి. 1932లో టపా విమానాన్ని నిలబెట్టిన తీరు మీకు ఇక్కడ మళ్లీ కనిపిస్తుంది.

1950లో న్యాయమూర్తి రాజాధ్యక్ష అధ్యక్షతన పనిచేసిన విచారణ సంఘం, మార్కెట్టు మోయలేనన్ని కంపెనీలకు లైసెన్సులు ఇచ్చారని తేల్చింది. వాటిని నాలుగుకు తగ్గించమంది. జాతీయం చేయడాన్ని కొంతకాలం వాయిదా వేయమంది. ప్రభుత్వం వాయిదా వేయలేదు. జె.ఆర్.డి. టాటా గట్టిగా వ్యతిరేకించినా 1953లో ఎయిర్ కార్పొరేషన్ల చట్టం వచ్చింది. ఆగస్టు 1న దక్కన్ ఎయిర్‌వేస్‌తో సహా ఎనిమిది కంపెనీలు ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిశాయి. ఆ రోజు కొత్త సంస్థకు దక్కిన 99 విమానాల్లో 74 డకోటాలే! యుద్ధం వదిలిపెట్టిన సామానుతోనే దేశపు విమాన సంస్థ మొదలైందన్నమాట. ఏడేళ్ల దక్కన్ ఎయిర్‌వేస్ అక్కడితో ముగిసింది.

నా అభిప్రాయంలో జాతీయం చేయడం అనివార్యమే. పెట్రోలు రాయితీని ప్రజల డబ్బుతో ఇస్తూ లాభాన్ని మాత్రం వాటాదారులకు వదిలేయడం ఎక్కువకాలం సాగేది కాదు. కాని స్థానిక సంస్థ పోయి ఢిల్లీ కేంద్రంగా పెద్ద సంస్థ రావడంతో, చిన్న ఊళ్ల గురించి ఆలోచించవలసిన బాధ్యత మరింత దూరం జరిగింది. సరిగ్గా రెండు నెలలకు, అక్టోబరు 1న, కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది. రాజధాని హోదా ఉన్న ఆ మూడేళ్లలోనూ విమాన సర్వీసు దాని దరికి రాలేదు.

పోలిక కోసం ఇండోనేషియా

ఇదే డకోటా మరో దేశంలో ఏం చేసిందో చూడండి. డచ్చివారితో పోరాడుతున్న ఇండోనేషియా రిపబ్లిక్ కోసం సుమత్రాలోని అచే ప్రజలు చందాలు వేసుకుని ఒక డకోటా కొనిచ్చారు. దాని పేరు సెలావా. 1948 డిసెంబరులో డచ్చి సైన్యం మళ్లీ దాడి చేసినప్పుడు అది మరమ్మతుల కోసం కలకత్తాలో ఉంది. తిరిగి వెళ్లే వీలు లేక, 1949 జనవరి 26న ఆ ఒక్క విమానంతోనే ఇండోనేషియన్ ఎయిర్‌వేస్ పేరిట బర్మాలో కిరాయి సర్వీసు మొదలుపెట్టారు. స్వాతంత్ర్యం తరువాత డచ్చి కంపెనీ కె.ఎల్.ఎం. భాగస్వామ్యంతో ఏర్పడిన గరుడ సంస్థను 1954లో జాతీయం చేశారు. మనకంటే ఒక ఏడాది వెనుక. అంతకు ముందు, 1947లో, ఇండోనేషియా నాయకుడు షరీర్‌ను డచ్చి దిగ్బంధం నుంచి డకోటాలో తప్పించి తెచ్చినది కళింగ ఎయిర్‌లైన్స్ స్థాపకుడు బిజూ పట్నాయక్. ఆ కళింగ కూడా 1953లో దక్కన్ ఎయిర్‌వేస్‌తో పాటే ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసింది.

తేడా గమనించండి. ఇండోనేషియా వేలాది దీవుల దేశం. అక్కడ విమానం లేనిదే రాజ్యం ఒకటిగా నిలబడడం కష్టం. ఇక్కడ రైలు ఉంది. నంద్యాలకు రైలు పందొమ్మిదో శతాబ్దంలోనే వచ్చింది. అందుకే మన ప్రాంతానికి విమానం అత్యవసరమని ఏ ప్రభుత్వానికీ తోచలేదు.

ఓర్వకల్లు వరకు

1994లో ఎయిర్ కార్పొరేషన్ల చట్టం రద్దయింది, ప్రైవేటు సంస్థలు మళ్లీ వచ్చాయి. 2003లో వచ్చిన ఎయిర్ డెక్కన్‌కు పేరు పోలిక తప్ప మన దక్కన్ ఎయిర్‌వేస్‌తో సంబంధం లేదు. పరీక్షల్లో ఈ పొరపాటు తరచు చూశాను. 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయం తెరుచుకోగానే బేగంపేటలో ప్రయాణికుల సర్వీసులు ఆగిపోయాయి.

2016లో కేంద్రం తెచ్చిన ఉడాన్ పథకం మన పాత ప్రశ్నను మళ్లీ ముందుకు తెచ్చింది. పథకం మొదలైనప్పుడు సుమారు గంట ప్రయాణానికి కొన్ని సీట్ల ధరను రూ. 2,500కు పరిమితం చేసి, కంపెనీకి వచ్చే లోటును మూడేళ్లపాటు ప్రభుత్వం పూరించేలా ఏర్పాటు చేశారు. 2017 ఏప్రిల్ 27న ఈ పథకం కింద ప్రారంభమైన తొలి సర్వీసుల్లో కడప-హైదరాబాదు ఒకటి. నడిపింది హైదరాబాదు సంస్థ ట్రూజెట్. 2015లో మొదలైన ఆ సంస్థ 2022లో సర్వీసులు ఆపేసింది. దాని ఆయుష్షు కూడా ఏడేళ్లే కావడం యాదృచ్ఛికం. టికెట్ల రాబడితోనే చిన్న ఊళ్ల దారులను నిలబెట్టడం ఎంత కష్టమో మాత్రం రెండు కథల్లోనూ కనిపిస్తుంది.

కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ మీదుగా కడపకు పోయే 40వ జాతీయ రహదారి మీద, ఓర్వకల్లు దగ్గర 2,000 మీటర్ల రన్‌వేతో కట్టిన విమానాశ్రయాన్ని 2021 మార్చి 25న ప్రారంభించి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు. కంపెనీ పాలనపై తిరగబడి 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరికంబమెక్కిన పాలెగాడు ఆయన. ఆయన ఉయ్యాలవాడ ఆళ్లగడ్డకు దగ్గరే. మార్చి 28న బెంగళూరు, చెన్నై, విశాఖపట్నాలకు ఇండిగో విమానాలు మొదలయ్యాయి, అవి కూడా ఉడాన్ కింద. నంద్యాల నుంచి అక్కడికి సుమారు 50 కిలోమీటర్లు. కాని కడప జిల్లా నుంచి, చుట్టుపక్కల నుంచి కువైట్‌కు పనికి పోయే ఆడవాళ్లు, మగవాళ్లు ఇప్పటికీ రాత్రి బస్సెక్కి చెన్నైకో హైదరాబాదుకో బెంగళూరుకో వెళ్లి విమానం పట్టుకుంటారు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

మీ ఊళ్లో మొదటిసారి విమానం ఎక్కిన ముగ్గురితో మాట్లాడండి. ఏ ఏడాది, ఏ విమానాశ్రయం నుంచి, ఏ పని మీద వెళ్లారో, టికెట్టు డబ్బు ఎవరు పెట్టారో రాసుకోండి. ముగ్గురి దారులను మీరు అట్లాసులో గీసిన రెండు గీతల పక్కన గుర్తించి, ఒక పేజీకి మించకుండా రాసి తదుపరి కాంటాక్ట్ తరగతికి తీసుకురండి.