చెంచా కాడ మీద చూపుడు వేలు

చాన్సరీ లేన్ స్టేషన్ మెట్లెక్కి బయటికొచ్చి, రద్దీ తప్పించుకుని పక్క వీధిలోకి తిరిగితే చుట్టూ వకీళ్ళే. లండన్‌లో ఇది నల్లకోట్ల పేట. వెండి దుకాణం ఒక్కటీ కనబడదు. అవన్నీ మీ కాళ్ళ కింద ఉన్నాయి. మామూలు ఆఫీసులా ఉన్న ఓ భవనంలో దూరి, మెట్లు దిగుతూ పోతే ఉక్కు తలుపు ఎదురొస్తుంది. దాని మందం చూసి అడుగు ఆగుతుంది. 1.2 మీటర్ల మందం గోడలు, వాటికి ఉక్కు తొడుగు. లండన్ సిల్వర్ వాల్ట్స్ ఇదే. కలవారు ఇంటి వెండి భద్రంగా దాచుకోవడానికని 19వ శతాబ్దంలో అద్దెకిచ్చిన గదులు. రెండో ప్రపంచ యుద్ధంలో పైనున్న భవనం మీద బాంబు పడినా కింద గదులు చెక్కుచెదరలేదు. 1953 నుంచి వెండి వ్యాపారులు ఇక్కడే కొట్లు నడుపుకుంటున్నారు.

పొడుగాటి నడవా. అటూ ఇటూ ఇనుప తలుపులు తెరిచిన చిన్న చిన్న గదులు, నేల నుంచి కప్పు దాకా వెండి. ఒక కొట్టు ముందు నిలబడి, భోజనాల బల్ల మీదకి చెంచాలూ ఫోర్కులూ కావాలని అడుగుతారు. ముసలాయన డిజైన్ మాటే ఎత్తడు. “ఎంతమందికి? రోజూ వాడతారా, పండగలకు తీస్తారా?” అంటాడు. రోజూ అని చెప్పండి. వెండి వాడుతుంటేనే తెల్లగా ఉంటుంది. పెట్టెలో దాస్తే నల్లబడుతుంది.

బల్ల మీద ఆకుపచ్చ బనాతు పరిచి మూడు ఫోర్కులు పెడతాడు. మీ కన్ను నేరుగా మూడోదాని మీదకు పోతుంది. దాని పేరు ‘కింగ్స్’. కాడ చివర శంఖులాంటి చిప్ప, కింద పువ్వు, అంచుల వెంట తీగలు, వెనక్కి తిప్పినా అదే నగిషీ. ఏడువారాల నగలూ ఒకేరోజు దిగేసుకున్న పెళ్ళికూతురు. బరువూ ఎక్కువే. బరువంటే మనవాళ్ళకు గౌరవం కదా, చెయ్యి దాన్నే పట్టుకుని వదలదు.

“తింటున్నట్టు పట్టుకోండి,” అంటాడు ముసలాయన.

ఇంగ్లీషువాళ్ళ పద్ధతిలో ఫోర్కు ఎడమచేతిలో, ముళ్ళు కిందికి, చూపుడు వేలు కాడ వీపు మీద. ఊరికే కాదు, నిజంగా మాంసం ముక్క నొక్కినట్టు నొక్కండి. నగిషీ అంచు వేలి కింద గరుగ్గా తగులుతుంది. ఒక ముద్దకు ఫరవాలేదు. భోజనమంతా అంటే విసుగొస్తుంది. రెండోది ‘ఫిడిల్’. కాడ చివర వెడల్పయి, భుజాలు పొడుచుకొచ్చి, ఫిడేలు ఆకారంలో ఉంటుంది. 19వ శతాబ్దమంతా ఇంగ్లండు ఇళ్ళలో ఇదే రాజ్యమేలింది కాబట్టి సులువుగా దొరుకుతుంది. నాకు మాత్రం దాని భుజాలు నచ్చవు.

మొదటిది ఎత్తండి. ‘ఓల్డ్ ఇంగ్లిష్’. 1760ల నాటి రూపం. నగిషీ లేదు, గీత లేదు. కాడ సన్నగా మొదలై చివరికి కొంచెం వెడల్పయి, కొస కిందికి వంగుతుంది. అంతే. వేలు దాని వీపు మీద పడగానే చోటు దొరికినట్టు కుదురుకుంటుంది. అంతకుముందున్న ‘హనోవేరియన్’ కాడల కొస పైకి వంగేది, వాటిని బోర్లించి పెట్టేవారు, అందుకే వంశ చిహ్నాలు వీపున చెక్కించేవారు. కొస కిందికి వంగాక చిహ్నం ముందుకొచ్చింది.

ఇక భూతద్దం అడగండి. కాడ వెనక వరసగా చిన్న ముద్రలుంటాయి. నడుస్తున్న సింహం ఉంటే స్టెర్లింగ్, అంటే వెయ్యిపాళ్ళలో 925 వెండి, తక్కినది చాలామటుకు రాగి. ఈ సింహం 1544 నుంచి ఉంది. చిరుతపులి తల లండన్‌ది, లంగరు బర్మింగ్‌హామ్‌ది. ఒక అక్షరం సంవత్సరం చెబుతుంది. రాజుదో రాణిదో తల కనిపిస్తే అది సాధారణంగా పన్ను కట్టిన గుర్తు, 1784కీ 1890కీ మధ్య సరుకు. సింహం లేకుండా డాలుల్లో ఇంగ్లీషు అక్షరాలే ఉంటే జాగ్రత్త. 1840లో ఎల్కింగ్టన్ పేటెంటు తర్వాత వెండి పూత సామాను విరివిగా వచ్చింది, పూత ముద్రల్ని కూడా దూరానికి ఇలాగే కనబడేలా కొట్టేవారు.

ముద్రలు బాగున్నాయని డబ్బు తియ్యకండి. చెంచా గుంట కొసను కిటికీలేని ఆ గదిలో దీపానికెదురుగా పట్టి చూడండి. కుడిచేతివాళ్ళు తరతరాలుగా పళ్ళేనికి రాసి రాసి కొస ఎడమవైపు అరిగిపోయి ఉంటుంది. ఫోర్కు ముళ్ళు నాలుగూ ఒకే పొడవున్నా, పొట్టిగా ఉంటే అరిగినవాటిని ఎవరో సమంగా కోసేశారన్నమాట. కాడ మీద నోటితో ఆవిరి ఊదండి. పాత యజమాని పొడి అక్షరాలు చెరిపేసి ఉంటే ఆ మసకలో జాడ పైకొస్తుంది. అక్కడ లోహం పలచబడి ఉంటుంది, వేళ్ళతో నొక్కితే తెలిసిపోతుంది. చెరపని అక్షరాలుంటే నేనైతే అలాగే కొంటాను. పరాయివాళ్ళ పేరైతేనేం, వెండి నిండుగా ఉంటుంది.

ధర దగ్గర మన లెక్క పనిచెయ్యదు. తులం రేటు, తరుగు, మజూరీ అని మనసులో కూడుకుంటూ ఉంటారు. ఇక్కడ మొత్తం సెట్టు ఒకే పనివాడు ఒకే ఏడాది చేసిందైతే ఒక ధర, అదే డిజైన్‌లో వేరువేరు ఏళ్ళవి ఏరి కూర్చిందైతే చాలా తక్కువ. బల్ల మీద ఆ తేడా ఎవరికీ కనబడదు. ఏరి కూర్చిందే తీసుకోండి. కత్తులు మాత్రం కొత్తవి కొనండి. పాత కత్తుల పిడి లోపల బోలు, అందులో లక్కలాంటి ముద్ద నింపి ఉక్కు అలుగు గుచ్చుతారు. వేడినీళ్ళలో నానితే ఊడొస్తుంది. గుడ్డు తిన్న చెంచా వెంటనే కడగాలి, దానిలో గంధకం నల్లబరుస్తుంది. ఉప్పు అంతకంటే చెడ్డది, గుంటలు పెడుతుంది.

ముసలాయన మూడు ఫోర్కులూ బనాతులో చుట్టకుండా మీ ముఖం చూస్తున్నాడు. తొందరపడి సెట్టు కొనకండి. ఓల్డ్ ఇంగ్లిష్‌లో ఒక డెజర్టు చెంచా, ఒక డెజర్టు ఫోర్కు విడిగా అడగండి, ఇస్తాడు. విక్టోరియా కాలపు పెద్ద ఫోర్కులు మన నోటికి ఎక్కువ, ఈ సైజు చాలు. ఓ వారం వాటితోనే తిని, వేలు ఏమీ ఫిర్యాదు చెయ్యకపోతే మిగతావి కొనుక్కోండి.